ఏ డయోడు బాగుండాది, నాయనా?

ఆ ఏటి వానల్లో నేను ఇంట్లో కూర్చుని ఒక రేడియో చేశాను. దానికి బ్యాటరీ లేదు, కరెంటు లేదు. ప్లాస్టిక్ డబ్బా మీద చుట్టిన రాగితీగ, పాత రేడియోలోంచి ఊడదీసిన, స్టేషన్లు మార్చే గ్యాంగు, ఒక డయోడు, చెవిలో పెట్టుకునే క్రిస్టల్ ఇయర్‌ఫోను. అంతే దాని సరంజామా. మిద్దె మీదినుంచి పక్కింటి కొబ్బరిచెట్టుకి కట్టిన తీగ గాలిలోని అలని పట్టుకుంటుంది, బోరు పైపుకి చుట్టిన ఇంకో తీగ దాన్ని భూమికి దించుతుంది. ఆ అలలో ఉన్న కాస్త శక్తితోనే మనిషి గొంతు పలుకుతుంది. నేను సైన్సు చెప్పే బడిలో తొమ్మిదో తరగతి పిల్లలు జిల్లా సైన్సు ప్రదర్శనకి దాన్ని పట్టుకెళ్ళాలని ముచ్చటపడ్డారు. ఈలోగా అల్పపీడనాలు ఒకదాని వెనక ఒకటి వచ్చి బడులన్నీ మూయించాయి. పని నా నెత్తిన పడింది.

మాది సత్యవేడు. మద్రాసు దగ్గర కాబట్టి మాకు చెన్నై స్టేషన్ బాగానే అందుతుంది. తేల్చుకోవలసిందల్లా డయోడు సంగతి. అల అటూ ఇటూ సమానంగా ఊగుతుంటే ఇయర్‌ఫోనుకి మాట అందదు. డయోడు దాన్ని ఒక వైపుకే వదిలి, రెండో వైపు ఆపేస్తుంది. అప్పుడే మాట బయటపడుతుంది. అయితే ప్రతి డయోడుకీ ఒక గడప ఉంటుంది. సిలికాన్ డయోడు గడప ఎత్తు. దూరంనుంచి నీరసంగా వచ్చిన అల దాన్ని దాటలేక ఇవతలే కూలబడుతుంది. జెర్మేనియంది తక్కువ గడప. షాట్కీ అని ఇంకో రకం ఉంది, దాని గడప కూడా తక్కువే. గడప మరీ తక్కువైనా చిక్కే, లోపలికొచ్చింది వెనక్కి కారిపోతుంది. పిల్లలు ఇదంతా పుస్తకంలో చదివి చెప్పకూడదు, చెవులతో విని చెప్పాలని నా పట్టుదల. అందుకు మంచి చెవులు కావాలి.

మా నాయనకంటే మంచి చెవులు నాకు తెలిసి ఎవరికీ లేవు.

మా నాయన కుప్పయ్య కంపెనీ బస్సు డ్రైవరు. పల్లెపల్లెకీ తిరిగి, ఫ్యాక్టరీలో పనిచేసే ఆడవాళ్ళని ఎక్కించుకుని పొద్దున దింపుతాడు, సాయంత్రం మళ్ళీ ఇళ్ళకి చేరుస్తాడు. అంతకుముందు ఏళ్ళ తరబడి లారీలు తోలాడు. నేను చిన్నదాన్నిగా ఉన్నప్పుడు డ్రైవర్లు బండి తెచ్చి మా ఇంటిముందు ఆపి, ఇంజను రేస్ చేసి, "కుప్పయ్యన్నా, ఒకసారి ఇను" అనేవాళ్ళు. నాయన వక్క నములుతూ గడపలోనే నిలబడి, "రెండో నాజిలు సూపించుకో పో" అనేవాడు. ఆ మాట ఎప్పుడూ తప్పలేదు. మా ఇంటికి ఊళ్ళో పేరు తెచ్చింది ఆ చెవులే.

ఆ సాయంత్రం ఆయన డ్యూటీ దిగి, తడిసిన చొక్కా విప్పి, తుండుతో తల తుడుచుకుంటుంటే అడిగాను.

"నాయనా, నీ సెవులు నాకు కావల్ల."

వంటింట్లోంచి అమ్మ తొంగిచూసింది. "అలిసిపోయి వచ్చినాడు. రేపు సూడొచ్చులే లోకా" అంది.

"ఒక్క నిమిషమేగదమ్మా."

నాయన నా మొహం చూసి, రేడియో చూసి నవ్వాడు. "తే. ఏం జెయ్యాల?"

డయోడు కనబడకుండా అడ్డంగా అట్టముక్క పెట్టాను. రెండు క్లిప్పుల మధ్య ఒక్కొక్క డయోడే మారుస్తాను, ఏది గట్టిగా వినపడితే అది చెప్పాలి, ఏ డయోడో ఆయనకి తెలియకూడదు. ముందు జెర్మేనియం పెట్టాను. నేను విన్నాను. వరిలో సుడిదోమ గురించి తమిళంలో ఒక ఆడగొంతు, పక్కన కూర్చుని చెబుతున్నట్టే ఉంది. ఇయర్‌ఫోను నాయనకిచ్చాను. ఆయన చెవిలో పెట్టుకుని నావైపే చూశాడు.

"పరవాలేదు" అన్నాడు.

రెండోది సిలికాన్. నాకు అదే గొంతు చీమ మాట్లాడినట్టు సన్నగా, తునకలు తునకలుగా వచ్చింది. నాయన విని తల ఊపాడు. "ఇది మేలు."

మూడోది షాట్కీ. "ఇదీ అంతే. రెండోదే బాగుండాది."

నాకు నమ్మబుద్ధి కాలేదు. డయోడులు చెన్నై రిచ్చీ స్ట్రీట్‌లో కొన్నవి. జెర్మేనియం అని చెప్పి ఏదో అంటగడుతుంటారని విన్నాను. ఒకవేళ నేనే తారుమారు చేశానేమో. మర్నాడు పొద్దున మీటరు తీసి ఒక్కోదాన్నీ చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. జెర్మేనియం జెర్మేనియమే, సిలికాన్ సిలికానే.

రాగితీగ చుట్ట మీద డయోడు తగిలించే చోటు మార్చి చూశాను. పై కొసకి తగిలిస్తే శబ్దం పెరిగింది గానీ రెండు స్టేషన్లు కలిసిపోయాయి. సగానికి దించితే విడిపోయాయి. ఎట్లా పెట్టినా జెర్మేనియందే పైచెయ్యి. పక్కింటి పిల్లలు వచ్చి విన్నారు. వాళ్ళూ అదే మాట. నాయన ఒక్కడే కాదన్నాడు. రెండో రోజు కూడా సిలికానే బాగుందన్నాడు. ఇంకో రోజు వరస మారిస్తే మూడూ ఒకటే అన్నాడు.

"నాయనా, బాగా ఇను. మొదటిదానికీ దీనికీ తేడా తెలస్తా లేదా?"

ఆయన ఇయర్‌ఫోను లాగి చాప మీద పడేశాడు. "తెలస్తా ఉంది కాబట్టేగదా సెప్తా ఉండా! నాకు సెవులు లేవంటావా?"

అంత గట్టిగా అరుస్తాడని అనుకోలేదు. అమ్మ పరుగున వచ్చింది. "ఈ వాన సప్పుడుకి ఎవురికి ఇనపడతాది? పిల్లకి సదువెక్కువై పిచ్చి పట్టింది" అని మధ్యలో కూర్చుంది. నాయన లేచి వెళ్ళి వసారాలో వాన చూస్తూ నిలబడ్డాడు. చూరునీళ్ళు ఆయన కాళ్ళ మీద పడుతున్నా పక్కకి జరగలేదు.

తర్వాత ఆయనే సర్దుకున్నాడు. రెండుమూడు రోజులకి వాన కాస్త తెరిపిచ్చిన సాయంత్రం వచ్చి, "యాడ నీ రేడియో? తే" అని చాప మీద కూర్చున్నాడు. నాకు సంతోషం వేసింది. జెర్మేనియంతో మొదలుపెట్టాను. నేను విని, ఆయనకీ వినిపించి, సిలికాన్ పెట్టడానికి జెర్మేనియం ఊడదీశాను. అంతలో అమ్మ పిలిచింది, పాలు పొంగిపోతున్నాయి చూడమని. నేను తల తిప్పి, "వస్తా ఉండా" అన్నాను.

నాయన ఇయర్‌ఫోను చెవిలో పెట్టుకునే ఉన్నాడు. గోడ గడియారం వైపు చూశాడు. నా మొహం వైపు చూశాడు.

"ఆఁ, ఇది బ్రహ్మాండంగా ఉండాది లోకా. వార్తలు సదవతా ఉండారు."

క్లిప్పులు రెండూ ఖాళీగా ఉన్నాయి. జెర్మేనియం నా కుడి అరచేతిలో ఉంది, సిలికాన్ ఇంకా పొట్లంలోనే ఉంది.

"సరే నాయనా" అన్నాను. "దీన్నే పెడదాం."

పాలు దించడానికి వంటింట్లోకి వెళ్ళాను. అమ్మ పొయ్యి ఆర్పేసి ఉంది. ఆమె నా మొహం చూసింది. నేను తలుపు దగ్గరికి వేశాను.

"నీకు తెల్సునా?"

అమ్మ పొంగి కారిన పాలని గుడ్డతో తుడుస్తూ పోయింది, తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది.

"అమ్మా, ఎప్పట్నించి?"

"పోయినేడు కార్తీకంనించి. అంతకు ముందునించే ఉండాదేమో, నాకు తెలిసింది అప్పుడు." గొంతు తగ్గించింది. తగ్గించనక్కర్లేదని ఆ క్షణంలో నాకు తట్టింది. "మొత్తానికి ఇనపడకుండా లేదులే. దగ్గిరగా వచ్చి మాట్లాడితే అందతాది. నా నోరు సూస్తే సాలు, నేనేం జెప్తానో కనిపెట్టేస్తాడు."

"బస్సులో నువ్వుంటావా ఆయన ఎదురుగా?"

"మెల్లిగా. ఇనపడతాది" అని, తనే ఆగిపోయింది అమ్మ. ఆ మాటకి ఆమె కళ్ళు నిండాయి. "ఆయన కన్ను మంచిది లోకా. అద్దంలో అంతా కనపడతాదంట. ఇన్నేండ్లలో ఒక కోడిని గూడా తొక్కలేదు. బండి తీసేసుకుంటే ఆయన ఏం గావల్ల? ఈ వసారాలో కూసోని గోడ సూడాల్నా? నీ కాళ్ళు పట్టుకుంటా, కంపెనీలో ఎవురికీ సెప్పబాకు."

"బస్సు నిండా ఆడోళ్ళుంటారమ్మా."

"నాకు తెలీదా" అంది అమ్మ. చీరకొంగు నోట్లో కుక్కుకుంది.

ఆ రాత్రంతా వాన. తెల్లారేసరికి వీధిలో మోకాలిలోతు నీళ్ళు. టీవీలో అరణియారు జలాశయం గేట్లు ఎత్తారని చెబుతున్నారు. బడికి సెలవే గానీ ఫ్యాక్టరీకి సెలవు లేదు. నాయన ఖాకీ చొక్కా తొడుక్కుంటుంటే నేను కూడా చీర మార్చుకుని గొడుగు తీసుకున్నాను.

"యాడికి?" అన్నాడు, నా పెదవులు చూస్తూ. ఇప్పుడు అది నాకు కనపడుతోంది. ఇంతకుముందు ఎట్లా కనపడలేదో అర్థం కాలేదు.

"మా బడి పిల్ల ఒకితె కంపెనీ దావలో ఉండాది. ప్రదర్శన పని. మీ బస్సులో వస్తా."

ఆయన సరేనన్నాడు. అమ్మ గుమ్మంలో నిలబడి నన్నే చూసింది.

పాత బస్సు. ఇంజను లోపలే డ్రైవరు పక్కనే ఉంటుంది, దాని మూత మీద గోనెసంచి పరిచి ఉంది. ఆయన వెనక సీట్లో కూర్చున్నాను. కిటికీలన్నీ దించి ఉన్నాయి. ఆడవాళ్ళు తడిసిన చున్నీలు పిండుకుంటూ, టిఫిను డబ్బాలు ఒళ్ళో పెట్టుకుంటూ ఎక్కుతున్నారు. వాళ్ళలో చెంగమ్మ అని పెద్దామె ఉంది. ఆమెది ఎప్పుడూ తలుపు పక్క సీటే. ఎవరు ఎక్కాలో, ఎవరు రాలేదో చూసేది ఆమే.

ఒక పల్లె దాటగానే వెనకనుంచి ఎవరో, "అన్నా, ఆపు! గౌరి పరిగెత్తుకుంటా వస్తా ఉంది" అని అరిచారు. బస్సు ఆగలేదు. చెంగమ్మ లేచి నిలబడి చెయ్యి ఎత్తింది. నాయన పైనున్న అద్దంలో చూసి బ్రేకు వేశాడు.

నేను చెంగమ్మ వైపు తిరిగాను. ఆమె నవ్వింది. "ఈ ఇంజను సప్పుడుకి అన్నకి కేకలు ఇనపడవు టీచరమ్మా. సెయ్యెత్తితే నిలబెడతాడు. మా అందరికీ అలవాటే."

నేను ముందుకి తిరిగి కూర్చున్నాను.

వాన జోరు పెరిగింది. ఇంతమంది ఊపిరికి అద్దాలన్నీ మసకబారాయి. నాయన ముందద్దాన్ని గుడ్డతో తుడుచుకుంటున్నాడు, పైనున్న అద్దం కూడా అప్పుడప్పుడూ తుడిచేవాడు. తుడిచిన కాసేపటికే అది మళ్ళీ పొగపట్టినట్టయ్యేది. పల్లెలు అయిపోయాక రోడ్డు పల్లానికి దిగి ఒక వంకని, అంటే చిన్న వాగుని, దాటుతుంది. పైన వంతెన లేదు, నీళ్ళు వచ్చినప్పుడు రోడ్డు మీదినుంచే పారతాయి. ఆ రోజు ఎర్రటి నీళ్ళు రోడ్డంతా కప్పి పారుతున్నాయి. అటూ ఇటూ పాతిన, సున్నం కొట్టిన రాళ్ళ తలలు మాత్రం కనపడుతున్నాయి. నాయన బండి నెమ్మదించి ఆ రాళ్ళ వైపు చూశాడు. నీళ్ళెంత లోతో ఆయన వాటిని చూసే లెక్క కడతాడు. పరవాలేదనుకున్నట్టు గేరు మార్చి ముందుకి పోనిచ్చాడు.

అప్పుడు కేక వినపడింది. ఎడమవైపు తుమ్మచెట్ల కిందనుంచి. తలమీద యూరియా సంచి కప్పుకున్న మనిషి ఒకడు కర్ర ఊపుతూ పరిగెత్తుకొస్తున్నాడు. "పోవద్దప్పోయ్! నడిమధ్య రోడ్డు కోసకపోయింది! పోవద్దు!" అటువైపు కిటికీ పక్కన ఉన్న ఆడవాళ్ళకి వినపడింది. ముందు ఒకరు, తర్వాత బస్సంతా అరిచింది. "అన్నా ఆపు! కుప్పయ్యన్నా!" చెంగమ్మ లేచి రెండు చేతులూ ఎత్తింది. పైనున్న అద్దంలో ఏమీ లేదు, తెల్లటి మసక తప్ప. నాయన కళ్ళు ముందున్న నీళ్ళ మీదే ఉన్నాయి. ముందు చక్రాలు నీళ్ళలోకి దిగాయి. రెండు పక్కలా నీళ్ళు లేచి బస్సుకి కొట్టుకున్నాయి.

అంతమంది గొంతులు చించుకుంటున్నా ఆయన మెడ కూడా కదలలేదు.

నేను లేచి ఆయన భుజం పట్టి వెనక్కి లాగాను.

బ్రేకు పడింది. ఆడవాళ్ళు ఒకరిమీద ఒకరు తూలిపడ్డారు. టిఫిను డబ్బాలు దొర్లిపోయాయి. నాయన వెనక్కి తిరిగాడు. నా నోరు చూశాడు. చుట్టూ తెరుచుకుని ఉన్న నోళ్ళన్నీ చూశాడు.

"దావ కోసకపోయిందంట" అన్నాను, ఒక్కొక్క మాటా విడిగా. "ఎనక్కి తియ్ నాయనా."

వెనక అద్దంలో ఏమీ కనపడటం లేదు. బస్సుకి ముందు వంక, రెండు పక్కలా గుంతలు. మామూలుగా అయితే ఎవరో ఒకరు దిగి వెనక నిలబడి "రానీ, రానీ" అని కేకేస్తే చాలు. నేను తలుపు తీసి నీళ్ళలోకి దిగాను. ప్రవాహం పిక్కలని లాగుతోంది. యూరియా సంచి మనిషి బస్సు వెనక్కి పోయి, ఎంత చోటుందో అరిచి చెబుతున్నాడు. నేను బస్సు ముందు, ఆయన కళ్ళకి కనపడేట్టు నిలబడి ఆ మాటలని చేతులతో చెప్పాను. కొంచెం ఎడమకి. ఆగు. ఇంకొంచెం రా. నాయన ముందద్దంలోంచి నా చేతులని తప్ప ఇంకేమీ చూడలేదు. బస్సు మిట్టకి ఎక్కింది.

సంచి మనిషి వెళ్ళి, బస్సు ఆగినచోటికి నాలుగడుగుల అవతల కర్ర దించాడు. కర్రంతా మునిగింది. అతని చెయ్యి కూడా మోచేతి దాకా మునిగింది.

ఆడవాళ్ళు దిగి చెట్లకింద గుంపుగా నిలబడ్డారు. కొందరు ఏడుస్తున్నారు. ఎవరూ నాయనని ఏమీ అనలేదు. చెంగమ్మ మాత్రం ఆయన్ని రెప్పవేయకుండా చూస్తూ ఉంది. ఇంజను సప్పుడు వల్ల కాదని ఆమెకి అర్థమైనట్టుంది.

నాయన వానలో, ముందు చక్రం దగ్గర నిలబడి ఉన్నాడు. నేను పక్కకి వెళ్ళాను.

"అరిసినారా?" అన్నాడు.

తల ఊపాను.

"ఎంతసేపు అరిసినారు?"

అబద్ధం చెబుదామనుకున్నాను. "సానాసేపు నాయనా."

ఆయన తాళంచెవి జేబులోంచి తీసి చూసుకుని మళ్ళీ జేబులో వేసుకున్నాడు.

ఆ మధ్యాహ్నం ఆయనే అదే కంపెనీలో ఇంకో బస్సు తోలే ఢిల్లీబాబుకి ఫోను చేయమన్నాడు. నేను చేసి ఇస్తే, అతను ఏమంటున్నాడో వినే ప్రయత్నం కూడా చేయకుండా, "జరం తగిలింది, నాలుగు దినాలు నా రూటు సూసుకో అప్పా" అని చెప్పి పెట్టేశాడు. వానలు తగ్గాక మళ్ళీ ఎక్కుతాడని అమ్మ ఆశ. మిరియాల కషాయం కాచి ఇచ్చింది, నిజంగా జ్వరం ఉన్నట్టే. నాయన తాగాడు, నిజంగా జ్వరం ఉన్నట్టే.

మూడో రోజు అన్నాల దగ్గర నేను చెప్పేశాను.

"మళ్ళా బస్సెక్కితే నేనే పొయ్యి కంపెనీలో సెప్తా."

అమ్మ చేతిలో గరిటె చప్పుడయింది. నాయన నా పెదవులు చూశాడు. అర్థమైంది. కంచంలో చెయ్యి కడుక్కుని లేచాడు. ఆ తర్వాత నాతో మాట్లాడటం మానేశాడు. నేను గదిలోకి వస్తే ఆయన వసారాలోకి పోయేవాడు. నేను వడ్డిస్తే ఆకలి లేదనేవాడు. అమ్మ మా ఇద్దరి మధ్యా తిరిగి తిరిగి చిక్కిపోయింది. ఒకసారి నన్ను పట్టుకుని, "నీ రేడియో కాదుగానీ నా కొంపలో నిప్పుబెట్టినావు" అంది. మరుక్షణమే నా తల నిమిరింది.

ఆ వారంలోనే వాన వెలిసింది, బడులు తెరిచారు. చిత్తూరులో ప్రదర్శన జరిగింది. మా పిల్లలు వచ్చినవాళ్ళందరి చేతా మూడు డయోడులూ వినిపించి, ఏది గట్టిగా ఉందో వాళ్ళ నోటనే చెప్పించారు. దాదాపు అందరూ జెర్మేనియమే అన్నారు. నేను పక్కన నిలబడి వినేవాళ్ళ మొహాలు చూస్తూ ఉండిపోయాను. గొంతు అందగానే ఒక్కొక్కరి కళ్ళు ఎట్లా తేటబడతాయో చూస్తుంటే నాయన మొహమే గుర్తొచ్చింది. రెండో రోజు పిల్లలని ఇంకో టీచరుకి అప్పగించి ఇంటికి వచ్చేశాను.

నేను వచ్చేసరికి ఢిల్లీబాబు మా వసారాలో ఉన్నాడు. నాయనకంటే చిన్నవాడు, లారీల్లో ఆయన దగ్గర క్లీనరుగా మొదలైనవాడు. చెంగమ్మ అతనికి వంక సంగతి చెప్పినట్టుంది.

"మామా, నువ్వు ఎక్కితే ఎక్కు, నేను వొద్దనను" అంటున్నాడు, నాయనకి ఎదురుగా కూర్చుని, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా. "గానీ ఒక మాట. ఆ బస్సులో మా ఆవిడ గూడా వస్తాది. నీకు తెల్సు. నువ్వు సెప్పు, ఎక్కించాల్నా వొద్దా?"

నాయన తల వంచుకున్నాడు. తర్వాత లేచి లోపలికి పోయి, మేకుకి తగిలించిన ఖాకీ చొక్కా జేబులోంచి తాళంచెవి తీసుకొచ్చి ఢిల్లీబాబు అరచేతిలో పెట్టి, దాని మీద తన చెయ్యి పెట్టి మూశాడు.

"క్లచ్చి కొంచెం పైన పట్టుకుంటాది. సూసుకో" అన్నాడు.

అతను వెళ్ళాక నావైపు తిరిగాడు. అన్ని రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట, "తిరుపతిలో సెవుల డాకటరు ఉండాడంటనే? ఎప్పుడు పోదాం?"

మర్నాడే ముగ్గురం బయలుదేరాం. ఆసుపత్రిలో పరీక్ష చేసేది ఒక చిన్నవయసు అమ్మాయి. మొదట గాజు తలుపుల గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, శబ్దం వినపడితే బటను నొక్కమంది. నాయన నొక్కాడు, ఆగాడు, నొక్కాడు. ఆ అమ్మాయి గీతలు గీసుకుంది. తర్వాత ఇంకో పరీక్ష. ఎదురుగా కూర్చుని, అట్ట అడ్డం పెట్టి నోరు కనపడకుండా మాటలు చెబుతుంది. వాటిని తిరిగి చెప్పాలి. అమ్మా నేనూ ఆమె వెనక గోడవార బల్ల మీద కూర్చున్నాం.

"పలక."

"పలక" అన్నాడు నాయన.

"బండి."

"బండి."

"చేప."

"సేప."

ఆ అమ్మాయి ఆశ్చర్యపోయి తన గీతల వైపు చూసుకుంది. నేను పక్కకి చూశాను. అమ్మ పెదవులు కదులుతున్నాయి. గొంతు బయటికి రాకుండా ప్రతి మాటనీ ఆయనకి అందిస్తోంది. తను అట్లా చేస్తున్నట్టు ఆమెకే తెలుసో లేదో. ఏడాదికి పైగా ఇంట్లో ఆమె చేసిన పని అదే. ఆమె చెయ్యి పట్టుకుందామని నా చెయ్యి జరిపాను, పట్టుకోలేకపోయాను.

"గొడుగు" అంది ఆ అమ్మాయి.

అమ్మ పెదవులు కదిలాయి. నాయన చూశాడు. నోరు తెరిచి, మూసుకున్నాడు. కుర్చీ చేతుల మీద బరువు మోపి కాస్త ముందుకి వంగాడు.

"మునెమ్మా" అన్నాడు మెత్తగా. "నువ్వు కొంచేపు బయటికి పో."

అమ్మకి అర్థం కావడానికి క్షణం పట్టింది. అప్పుడు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. లేచి, సంచీ తీసుకుని, నావైపు కూడా చూడకుండా వెళ్ళిపోయింది. తలుపు మూసుకుంది. నాయన నావైపు చూశాడు. నేను మొహం గోడకి తిప్పుకున్నాను.

వెనక ఆ అమ్మాయి గొంతు మళ్ళీ ఏదో మాట చెప్పింది. ఇంకోసారి చెప్పింది. గదిలో ఫ్యాను తిరుగుతోంది.

"ఇనపల్లేదమ్మా" అన్నాడు నాయన.

ఇంకో మాట. "ఇదీ ఇనపల్లేదు."

ఆ తర్వాత డాక్టరు చాలా విషయాలు చెప్పాడు. ఇంజను పక్కన గడిచిన ఏళ్ళు చెవి లోపలి సన్నటి వెంట్రుకలని తినేశాయన్నాడు. పోయింది తిరిగి రాదు, చెవి మిషను పెట్టుకుంటే మనుషుల మాటలు చాలామటుకు అందుతాయి, జనంతో బస్సు మాత్రం ఇక తోలకూడదు. నాయన అన్నిటికీ తల ఊపలేదు. అర్థం కానిచోట ఆగి నావైపు చూశాడు, నేను మళ్ళీ చెప్పాను.

తిరిగి వచ్చేటప్పుడు పుత్తూరు మీదుగా బస్సులో కూర్చున్నాం. అమ్మ కిటికీ పక్కన, మధ్యలో నాయన, ఇవతల నేను. ఎప్పుడూ బస్సు ఎక్కితే డ్రైవరు వెనక సీటు వెతుక్కుని, అతని గేర్లు గమనిస్తూ కూర్చునే మనిషి, ఆ రోజు ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చున్నాడు. వడమాలపేట దాటాక అమ్మ కళ్ళు తుడుచుకుని, బయటికి చూస్తూ ఏదో అంది. గాలికి నాకే సరిగ్గా వినపడలేదు.

ఇంతకుముందైతే నాయన ఊఁ అనేవాడు, లేదంటే నవ్వి ఊరుకునేవాడు. ఆయన అమ్మ గడ్డం పట్టుకుని, మొహాన్ని తనవైపుకి తిప్పుకున్నాడు.

"ఏందీ?" అన్నాడు. "నాకు ఇనపల్లేదు. మళ్ళా సెప్పు."